తుంబురుకోన తపస్విని

తిరుమల కొండపై ప్రతిరాత్రి ఏకాంతసేవ జరుగును. తెల్లవారకముందే సుప్రభాతముతో మేల్కొని, దినమంతయు వేలాది భక్తులకు దర్శనమొసగిన శ్రీనివాసుడు శయనించు వేళ అది. భోగశ్రీనివాసమూర్తిని పానుపుపై పవ్వళింపజేసి లాలి పాడుదురు. ముత్యములతో అలంకరించిన పళ్ళెమున కర్పూరము వెలిగించి హారతి యిత్తురు. దానికే ముత్యాలహారతి యని పేరు. తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి యని జనులు ఈ రెంటిని జతగా చెప్పుకొందురు.

చక్రవర్తులు కొలిచిన సన్నిధి యది. విజయనగరప్రభువు శ్రీకృష్ణదేవరాయలు పలుమారులు కొండ కెక్కి వచ్చి, రత్నకిరీటాది కానుకలను సమర్పించెను. అట్టి సన్నిధిలో దినాంతసేవతో తన పేరు కలుపుకొని నిలిచినది ఒక పల్లెటూరి స్త్రీ. ఆమెకు ధనము లేదు, అధికారము లేదు, సంతానము లేదు. చిన్ననాడే భర్తను కోల్పోయినది. ఆడుది గడప దాటుటయే తప్పుగా నెంచిన కాలమున ఇల్లు విడిచినది, ఊరు విడిచినది, తుదకు మనుష్యసంచారము లేని కొండకోనను చేరినది. ఆమెయే మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ.

అడవికి పోయినవారి కథలు మన పురాణములలో కొల్లలు. కాని వెంగమాంబ చరిత్రలో గ్రహింపదగిన విశేషమొకటి కలదు. ఆమె ఏల అడవికి పోయెనన్నది సగము కథ. అడవినుండి ఏమి కొనివచ్చెనన్నది తక్కిన సగము.

తరిగొండ

పూర్వపు చిత్తూరు జిల్లాలో, గుర్రంకొండ దుర్గమునకు సమీపమున తరిగొండ యను గ్రామము కలదు. అచట శ్రీలక్ష్మీనృసింహస్వామి వెలసి యున్నాడు. ఆ గ్రామమున నందవరీక బ్రాహ్మణకుటుంబమున, వాసిష్ఠగోత్రజుడైన కానాల కృష్ణయ్య, మంగమాంబ యను దంపతులకు వెంగమాంబ జన్మించెను. ఆమె జననము 1730 ప్రాంతమున, నృసింహజయంతినాడు జరిగినదని సంప్రదాయము. నేటికిని ఆ తిథినాడే ఆమె జయంతిని జరుపుచున్నారు.

అది నెమ్మది లేని కాలము. విజయనగర సామ్రాజ్యము అంతరించి చాల కాలమైనది. కడప నవాబులు, మైసూరు పాలకులు, ఆర్కాటు నవాబులు, మరాఠా సైన్యములు ఈ సీమపై ఆధిపత్యమునకు పెనగులాడుచుండిరి. గుర్రంకొండ దుర్గము ఆ పెనగులాటల నడుమనే యుండెను. సేనలు నడచిన దారిలో పంటలు నిలువవు, పల్లెలు నిలువవు. అట్టి దినములలో సామాన్యకుటుంబము ఆచారమును గట్టిగా పట్టుకొని బ్రదుకుట సహజమే. ఆచారము వారికి కోటగోడ వంటిది. ఆ గోడ చాటున కొందరికి రక్షణ దొరకినది. కొందరికి ఊపిరాడలేదు.

వెంగమాంబ బాల్యము ఇతర బాలికల బాల్యము వలె గడువలేదని చెప్పుదురు. తోటివారు ఆటలాడుకొను వేళ ఆమె నృసింహాలయమున కూర్చుండెడిది. ఇంటిపనిలో నున్నను పెదవులపై ఏదో పాట కదలుచుండెడిది. పిలిచినచో పలుకదు, పలికినచో దేవుని మాటయే. పిల్లకు పిచ్చి పట్టినదని ఊరివారనుకొనిరి. తల్లిదండ్రులు దిగులు చెందిరి. నాటి మర్యాద ననుసరించి చిన్నవయసుననే ఆమెకు పెండ్లి చేసిరి. వరుని పేరు వేంకటాచలపతి. కొలదికాలమునకే ఆయన పరమపదించెను. సంసారమననేమో ఎరుగని ఆ బాలికకు వైధవ్యము ప్రాప్తించెను.

విడువని కుంకుమ

నాటి వితంతువు బ్రదుకు ఎట్టిదో పాఠకులకు తెలియనిది కాదు. శిరోముండనము, ఒంటిపూట భోజనము, ఇంటిలో చీకటిమూల, శుభకార్యములలో కనబడరాదను నిషేధము. తాను చేయని పాపమునకు బ్రదుకంతయు శిక్ష. ఇవన్నియు వెంగమాంబ ముందు నిలిచినవి.

ఆమె వానిని అంగీకరింపలేదు. తన పతి వేంకటాచలపతియేయనియు, ఆయనకు మరణము లేదనియు, కావున తాను నిత్యసుమంగళి ననియు ఆమె నిశ్చయము. లోకము పెండ్లి చేసిన వరుని పేరును, కొండపై నిలిచిన దేవుని పేరును ఒక్కటే యగుట ఆమెకు యాదృచ్ఛికముగా తోచలేదు. తల వెండ్రుకలు తీయించుకొనలేదు. నొసట కుంకుమ తుడుచుకొనలేదు. గోదాదేవి శ్రీరంగనాథుని తప్ప అన్యుని వరింపనని పలికిన కథను వినుచు పెరిగిన వైష్ణవలోకమునకు ఈ భావము క్రొత్త కాదు. కాని కథలో విని నమస్కరించుట వేరు, తన వీధిలో చూచి ఓర్చుట వేరు. ఊరివారు ఓర్వలేకపోయిరి.

ఆచారభ్రష్టురాలని నిందించిరి. కుటుంబమును వెలివేయుదుమని బెదరించిరి. ఊరిపెద్దలు పుష్పగిరి పీఠాధిపతులకు మొరపెట్టుకొనిరనియు, వారు విచారణకు విచ్చేసి తుదకు ఆమె భక్తిమహిమను గుర్తించి మరలిరనియు ఆ ప్రాంతమున కథ చెప్పుకొందురు. మహిమలను గూర్చిన ఇట్టి కథలు ఆమె చుట్టును పెక్కు అల్లుకొన్నవి. వానిలో ప్రతిదానిని నమ్మినను నమ్మకున్నను ఒక్క సంగతి స్పష్టము. ఊరంతయు ఒకవైపు నిలిచిన వేళ, వెనుక ఏ బలగము లేని యువతి తన మాటను విడువలేదు. అదియే మొదటి మహిమ.

ఈ దినములలో ఆమెకు రెండు ఆధారములుండెను. మొదటిది తరిగొండ నృసింహస్వామి సన్నిధి. రెండవది గురుకృప. మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి యను విద్వాంసుడుండెను. ఆయన ఆమె యోగ్యతను గుర్తించి ఆధ్యాత్మికవిద్యను ఉపదేశించెను. వెంగమాంబ తన గ్రంథములలో ఈ గురువును భక్తితో స్మరించుకొన్నది. ఊరివారు పిచ్చియన్న దానిని ఆయన పరిపక్వత యన్నాడు. ఒక్క మనిషి గుర్తించుటచే ఒక జీవితము నిలబడుట లోకములో అరుదు కాదు.

తరిగొండలో నుండగనే ఆమె కవిత్వము ప్రారంభమైనది. తరిగొండ నృసింహశతకము, శివనాటకము, బాలకృష్ణనాటకము, రాజయోగామృతసారము మున్నగునవి ఆ కాలపు రచనలని పండితుల అభిప్రాయము. తాను బడిలో కూర్చుండి చదువలేదనియు, ఛందస్సు నేర్వలేదనియు, స్వామియే తనచే పలికించెననియు ఆమె వినయముతో చెప్పుకొన్నది.

నృసింహాలయమున ఆంజనేయస్వామి విగ్రహము వెనుకనున్న మరుగుచోట ఆమె యోగాభ్యాసము చేసికొనెడిదని ప్రతీతి. ఇంటిలో చోటు లేని మనిషికి దేవుని ఇంటిలో నొక మూల దొరకినది. కాని అదియు నిలువలేదు. ఒకనాడు ఆమె అచట నున్న సంగతి బయటపడినదట. అవమానించి ఆమెను వెలుపలికి పంపిరట. ఆ మూలకూడ పోయిన పిమ్మట తరిగొండలో ఆమెకు మిగిలిన దేమియు లేదు.

ఆమె వేంకటాచలమునకు బయలుదేరెను.

కొండదారి

తరిగొండనుండి తిరుమలకు పోవువానికి నేడు బస్సులో కొన్ని గంటల ప్రయాణము. ఆ కాలమున ఆ దారి యెట్టిదో ఊహింపవలెను. పీలేరు సీమను దాటి, భాకరాపేట కనుమల అడవిలో దిగి, చంద్రగిరి దుర్గచ్ఛాయలో నడచి, పిదప శేషాద్రి నెక్కవలెను. దొంగల భయము, మృగముల భయము, దండు భయము. యాత్రికులు గుంపులుగా కూడి, గోవిందనామము బిగ్గరగా పలుకుచు నడచెడివారు. ఆ నామము భక్తికెంత అక్కరయో, ధైర్యమునకు నంత అక్కర.

తాళ్ళపాక అన్నమాచార్యుడు కూడ బాలుడై యుండగనే ఇల్లు విడిచి తిరుమల యాత్రికుల వెంట నడచినవాడే. అది పదునైదవ శతాబ్దపు మాట. కాని బాలునికి దొరకు ఆదరణ వేరు, ఒంటరియైన యువతికి ఎదురగు చూపులు వేరు. అన్నమయ్య తిరిగి ఇంటికి పోగలడు. అతనికొరకు తల్లి ఎదురుచూచుచుండును. వెంగమాంబ తన వెనుక తలుపు మూసికొని బయలుదేరినది.

నేటివలె నాటి తిరుమలలో వసతిగృహములు లేవు. ఆలయము, మఠములు, మండపములు, కొలది ఇండ్లు. చుట్టును దట్టమైన అడవి. ఆమె కొండ చేరి స్వామి దర్శనముతో, తులసీసేవతో, సంకీర్తనముతో కాలము గడుపసాగెను. హథీరాంజీ మఠమువారును, తాళ్ళపాకవంశమువారును ఆమెను ఆదరించి నిలువనీడ కల్పించిరని పెద్దలు చెప్పుదురు. అన్నమయ్య వంశీయులు ఆమెను గుర్తించుట ఉచితముగనే యున్నది. స్వామికొరకు ఇల్లు విడుచుట ఏమో ఆ యింటివారికి తెలియును.

అయినను బాధలు తీరలేదు. భర్త లేని స్త్రీ కుంకుమ ధరించి సన్నిధిలో తిరుగుటను సహింపనివారు అచటను కొందరుండిరి. ఇరుగుపొరుగున ఒకరు ఆమె ధ్యానమునకు భంగము కలుగునట్లు ప్రతిదినము ఎంగిలియాకులు ఆమె చోటున విసరెడివారని ఐతిహ్యము. దూరమున నున్నంతకాలము కొండపై అందరును దేవతలే యని మనము తలంతుము. దగ్గరకు పోయినప్పుడు అచటను మనుష్యులే యుందురు. పుణ్యక్షేత్రములలో నివసించిన ప్రతి సాధకుడును ఈ నిజమును ఎదుర్కొన్నవాడే. దానిని చూచి కొందరు దేవునియందే నమ్మిక కోల్పోవుదురు. వెంగమాంబ దేవుని విడువలేదు. మనుష్యులకు దూరముగా తొలగినది.

తుంబురుకోన

తిరుమల ఆలయమునకు ఉత్తరముగా, పాపవినాశనమును దాటి అడవిలో చాల దూరము పోయినచో తుంబురుతీర్థము వచ్చును. పురాణములలో దీనికి ఘోణతీర్థమని పేరు. కొండ నిలువుగా రెండు చీలికలై, ఎత్తైన రాతిగోడల నడుమ ఇరుకైన కోన ఏర్పడినది. అడుగున నీరు పారుచుండును. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు తప్ప ఎండ లోనికి దిగదు. ఫాల్గుణపూర్ణిమనాడు తుంబురుతీర్థ ముక్కోటి జరుగును. ఆ పర్వమునకు యాత్రికులు కొండబండలపై నడచి, నీటిమడుగులు దాటి అచటికి పోయి స్నానము చేయుదురు. తక్కిన దినములలో ఆ చోటు అడవిదే. ఎఱ్ఱచందనపు చెట్లు, చిరుతపులులు, ఎలుగుబంట్లు, రాతికొమ్ములపై తేనెపట్టులు.

ఈ తీర్థమును గూర్చి స్కాందపురాణమున ఒక కథ కలదు. తుంబురుడను గంధర్వుడు మాఘస్నానవ్రతము చేయుమని భార్యను కోరెను. ఆమె నిరాకరించెను. అతడు కోపించి కప్పవు కమ్మని శపించెను. ఆమె కప్పయై ఈ తీర్థసమీపమున చెట్టుతొఱ్ఱలో చాలకాలము పడియుండెను. అగస్త్యమహర్షి అచటికి వచ్చి శిష్యులకు తీర్థమహిమను చెప్పుచుండగా విని, శాపము తీరి స్వరూపము పొందెను. ఇంటినుండి త్రోయబడిన స్త్రీ ఒకతె, విన్న మాటవలన విముక్తి పొందిన చోటది. ఈ కథ వెంగమాంబ ఎరుగనిది కాదు. అదే కోనను ఆమె తన తపస్సునకు ఎన్నుకొనెను.

అచట ఆమె ఆరేండ్లు గడపెనని సంప్రదాయము. ఆ యేండ్లను గూర్చి ఆమె ఎచటను విస్తరించి చెప్పుకొనలేదు. అడవిలో బ్రదుకునకు ముందు కావలసినది నీరు. అది కోనలో కలదు. తరువాత ఆహారము, అడవి ఇచ్చిన పండ్లు, కందమూలములు. వానకాలమున కొండపై కురిసిన నీరు ఒక్కుమ్మడి కోనలోనికి దూకును; అప్పుడు ఎత్తున నున్న గుహయో, బండచాటో ప్రాణమును కాపాడవలెను. రాత్రి యనగా చంద్రుడు కూడ తొంగిచూడని చీకటి. అట్టి చీకటిలో కూర్చుండి మనస్సును నిలుపుట యననేమో చదువుట సులభము, చేయుట సులభము కాదు. తరువాతి కాలమున ఆమె అష్టాంగయోగసారమను గ్రంథమును రచించెను. యమనియమములను, ఆసన ప్రాణాయామములను, ధ్యాన సమాధులను గూర్చి వ్రాయుటకు ఆమెకు పుస్తకముల కొరత యున్నను అనుభవమునకు కొరత లేదు.

ఊరిలో నున్నప్పుడు ఆమెను బాధించినది ఇతరుల మాట. అడవిలో ఇతరులు లేరు. కాని ఒంటరిగా కూర్చున్నవానికి మొదట వినబడునది మౌనము కాదు. తన లోపలనే మిగిలియున్న ఆ మాటలే. అవమానించినవారి ముఖములు, తాను చెప్పలేకపోయిన ప్రత్యుత్తరములు, తల్లిదండ్రుల దుఃఖము, ఇవన్నియు వెంట వచ్చును. వానిని ఏ అడవియు ఆపలేదు. సాధకుడు అడవికి పోవుట ప్రపంచమునుండి తప్పించుకొనుటకని చూచువారు తలంతురు. నిజమునకు అచట తప్పించుకొనుటకు వీలులేని దానితో ముఖాముఖి నిలువవలెను. ఆరేండ్ల తరువాత కోననుండి వెలువడిన వెంగమాంబ మాటలో ఎవరిపైనను పగ కనబడదు. తన్ను బాధించినవారిని నిందించుటకు ఆమె తన కవిత్వమును వినియోగింపలేదు. తుంబురుకోనలో ఏమి జరిగినదో తెలిసికొనుటకు ఇంతకుమించిన సాక్ష్యము అక్కరలేదు.

ముత్యములు

కోనలో నుండియు ఆమె రాత్రిపూట స్వామిసేవ మానలేదని భక్తులు చెప్పుకొను కథ కలదు. తుంబురుకోననుండి ఆనందనిలయమునకు రహస్యమైన సొరంగమార్గమొకటి ఆమెకు లభించెనట. ఆలయద్వారములు మూసిన పిదప ఆ దారిని వచ్చి, స్వామిని అర్చించి, హారతియిచ్చి, తెల్లవారకముందే మరలిపోయెడిదట. ప్రతి ఉదయము తలుపులు తెరచిన అర్చకులకు స్వామిపాదముల చెంత ముత్యములు కనబడెనట. తాళములు వేసినవి వేసినట్లే యున్నవి. ముత్యములు ఎచటినుండి వచ్చెను? విచారింపగా తుదకు ఆ సేవ వెంగమాంబదని తెలిసినదట. అప్పుడు అర్చకులు, మఠమువారు, పెద్దలు వెళ్ళి ఆమెను సగౌరవముగా తిరిగి తిరుమలకు రప్పించిరనియు, నాటినుండి ఏకాంతసేవలో ఆమె ముత్యాలహారతి నెలకొన్నదనియు ఐతిహ్యము.

ఈ కథను విన్నప్పుడు కన్నులకు నీరు రాని భక్తుడుండడు. మూసిన తలుపు ఎవరికి మూసినట్లు? తరిగొండలో ఆలయపు మూలనుండి వెలువరింపబడిన స్త్రీ ఆమెయే. తిరుమలలో ఎంగిలియాకుల మధ్య కూర్చున్న స్త్రీ ఆమెయే. అట్టి ఆమెకొరకు గర్భగృహమునకు వేరొక దారి తెరచుకొన్నదని జనహృదయము నమ్మినది. ఆ సొరంగమును చూచినవారు లేరు. కాని హారతిని చూచినవారు తరతరములుగా ఉన్నారు.

తిరిగివచ్చిన తరువాత

అడవికి పోయి తిరిగిరానివారు కొందరు. తిరిగివచ్చియు జనులను కన్నెత్తి చూడనివారు కొందరు. వెంగమాంబ తిరిగివచ్చి తిరుమలలో తక్కిన జీవితమంతయు జనులమధ్య గడపెను. ఆమె మహాగ్రంథములలో పెక్కు ఈ కాలమున వెలసినవే. శ్రీవేంకటాచలమాహాత్మ్యమను పద్యకావ్యమున స్వామి వైకుంఠమును విడిచి భూలోకమునకు వచ్చిన కథను, పుట్టలో వసించిన కథను, పద్మావతీకల్యాణమును ఆమె తెలుగువారి ఇంటింటికిని అందించెను. ఆంధ్రదేశపు గృహములలో స్త్రీలు భక్తితో పారాయణ చేసిన గ్రంథములలో అదియొకటి. ద్విపదభాగవతము, విష్ణుపారిజాతము, రుక్మిణీనాటకము, గోపికానాటకము, ముక్తికాంతావిలాసము, శ్రీకృష్ణమంజరి, తత్త్వకీర్తనలు మున్నగునవి ఇంకను పెక్కు కలవు. పండితులకొరకు పద్యము, చదువరానివారు పాడుకొనుటకు ద్విపద, పదిమంది కూడి చూచుటకు యక్షగానము. ఎవరికి ఏ రూపము అందునో ఆ రూపమున ఆమె వ్రాసెను.

వానిలో వాసిష్ఠరామాయణము ప్రత్యేకముగా తలంపదగినది. దానికి మూలమైన యోగవాసిష్ఠమున శ్రీరాముడు యువకుడు. తీర్థయాత్ర ముగించి వచ్చిన పిమ్మట అతనికి దేనియందును ఆసక్తి లేకపోయెను. ఆహారము రుచింపదు, రాజభోగము రుచింపదు, జీవితమున అర్థమేమియని మథనపడుచుండెను. వసిష్ఠుడు అతనిని అడవికి పంపలేదు. నిండుసభలో కూర్చుండబెట్టి జ్ఞానము బోధించి, తన కర్తవ్యమునకు సిద్ధపరచెను. అదే మూలగ్రంథమున చూడాల యను రాణి కథయు కలదు. ఆమె భర్త శిఖిధ్వజుడు రాజ్యము విడిచి అడవికేగి తపస్సు చేసియు శాంతి పొందలేదు. అంతఃపురముననే యుండి జ్ఞానము పొందిన చూడాల మారువేషమున పోయి, విడువవలసినది రాజ్యము కాదు, నేను విడిచితినను అహంకారమని తెలియజెప్పి, అతనిని తిరిగి రాజ్యమునకు రప్పించెను. ఇట్టి గ్రంథమును తెలుగు చేయబూనినది, అడవిని చూచి తిరిగివచ్చిన స్త్రీ. అందలి తాత్పర్యము ఆమెకు శ్లోకమున దొరకినది కాదు, బ్రదుకున దొరకినది.

ఆమె చేసిన మరియొక కార్యము గ్రంథరచనకంటె తక్కువది కాదు. వేసవి నడిమినాళ్ళలో నృసింహజయంతి వచ్చును. అలసి కొండ నెక్కివచ్చు యాత్రికులకు ఆ దినములలో నీరే అమృతము. వెంగమాంబ చలివేంద్రము పెట్టించి దాహము తీర్చెను, అన్నదానము జరిపించెను. ఇందుకై పలువురు దాతలు భూములును, ధనమును ఒసగిరి. తనకని ఒక కాసు కోరని మనిషి చేతిలో ధర్మము పెట్టిన, అది సద్వినియోగమగునని వారి నమ్మిక. ఒకనాడు నిలువనీడ లేక వచ్చిన స్త్రీ, వచ్చినవారందరికి నీడయై నిలిచినది. ఒకనాడు కోనలో కందమూలములతో ఆకలి తీర్చుకొన్న స్త్రీ, ఇతరులకు విస్తరి వేసినది. తుంబురుకోననుండి ఆమె కొనివచ్చినది ఇదియే.

ఆమె జీవితకాలముననే దేశము రూపు మారిపోయినది. 1800లో గుర్రంకొండ సీమయు, 1801లో ఆర్కాటు రాజ్యమును ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ వశమైనవి. తిరుమల ఆలయపు ఆదాయవ్యయములు కూడ కంపెనీ అధికారుల పర్యవేక్షణలోనికి వచ్చినవి. నవాబులు పోయిరి, దొరలు వచ్చిరి. రాత్రి హారతి మాత్రము ఆగలేదు. 1817లో, ఈశ్వరనామ సంవత్సర శ్రావణశుద్ధ నవమినాడు, వెంగమాంబ తిరుమలలోనే స్వామిసాయుజ్యము పొందెను. ఆమె బృందావనము నేటికిని తిరుమల కొండపై కలదు. ప్రతి శ్రావణమున అచట వర్ధంత్యుత్సవము జరుగును.

1985లో తిరుమలలో నిత్యాన్నదానపథకము ఆరంభమైనది. 2011లో విశాలమైన నూతనభవనము వెలసి, దానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాదకేంద్రమని నామకరణము జరిగినది. దర్శనానంతరము వేలాది యాత్రికులు ప్రతిదినము అచట పంక్తిలో కూర్చుండి స్వామి ప్రసాదమును స్వీకరింతురు. అచట ఎవరి ఊరేది, కులమేది, భర్త యున్నదా లేదా యని అడుగువారు లేరు. కూర్చున్నవారికి ఆకు వేయుదురు, అన్నము వడ్డింతురు. రెండువందల యేండ్ల క్రిందట ఒక స్త్రీకి కుంకుమ ఏలయని అడిగిన లోకమునకు ఇది మౌనముగా చెప్పిన సమాధానము.

కొండకు వచ్చు యాత్రికులందరికి తుంబురుకోనకు పోవు శక్తి యుండదు. పోవలసిన పనియు లేదు. ఇంటిలో తన మాట వినువారు లేరని కుములు కోడలు, సంతానము దూరమై ఒంటరియైన వృద్ధురాలు, జీవితమున దారి తెలియక తిరుగు యువకుడు, ప్రతివారికిని తన తుంబురుకోన ఒకటి యుండును. ఆ చీకటిలో స్వామిని విడువకుండుట మొదటి మెట్టు. అచటినుండి తిరిగివచ్చినప్పుడు ఎదుటివాని దాహమునకు చెంబెడు నీరు అందించుట రెండవ మెట్టు. వెంగమాంబ ఈ రెండు మెట్లను ఎక్కి చూపినది.

అన్నప్రసాదశాలలో ఆకు ముందు కూర్చున్నప్పుడు, మొదటిముద్ద నోట పెట్టుకొనుటకు ముందు, ఒక్క క్షణము ఆ తల్లిని తలంచుకొన్నచో చాలును. ఆ రాత్రి స్వామికి జరుగు ముత్యాలహారతిలో మన ప్రణామమును చేరినట్లే.